కదిలిన బండ

పూర్వం ఒక రాజ్యంలో కోట కడుతున్నప్పుడు, బండలు లాగే జట్టుకు ఓబులప్ప పెద్దగా ఉండేవాడు. ఒకరోజు నలభై మంది మోకులు పట్టి, ఊపిరి బిగబట్టి ఒక పెద్ద బండను కదిలించారు. కదిలాక అది కాస్త తేలిగ్గానే జరగసాగింది.

అప్పుడే గుర్రమెక్కి వచ్చిన కోట అధికారి నాగమరాజు, మోకులు కొన్ని వదులుగా ఉండడం చూసి మండిపడ్డాడు. "దీనికి ఇరవై మంది చాలు! మిగతా సోమరిపోతుల్ని ఇప్పుడే పంపించెయ్!"

పొమ్మన్న ఆ ఇరవై మంది ఇళ్లలో పొయ్యి వెలిగేది ఈ పనితోనే. అది తెలిసినా ఓబులప్ప చేతులు కట్టుకుని, "చిత్తం దొరా. వాళ్లు మోకులు వదలాలి గదా, ఒక్క క్షణం బండ ఆపిస్తాను" అన్నాడు.

బండ ఆగింది. ఇరవై మంది తప్పుకున్నారు. మిగిలినవాళ్లు ఎంత లాగినా అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నాగమరాజు గుర్రం దిగి తనూ ఒక చెయ్యి వేశాడు. లాభం లేకపోయింది.

"ఇందాక కదిలిన బండేగా ఇది?" అన్నాడు రొప్పుతూ.

"అదే దొరా. కూర్చున్నప్పుడు నేలను గట్టిగా పట్టుకుంటుంది, నడిచేటప్పుడు అంత పట్టు ఉండదు. తమరు నడుస్తున్న బండను చూసి, దాన్ని లేపినవాళ్లను పొమ్మన్నారు."

నాగమరాజు ఎర్రగా కందిన తన అరచేతుల వంక కాసేపు చూసుకున్నాడు. తర్వాత ఆ ఇరవై మందినీ తానే వెళ్లి పిలుచుకొచ్చాడు.