గవరన్న నిలబడిన మూడు రోజులు

పల్లకీలు నడిచే రోజులు. మన తాతల తాతలకి ఇంకా పాలపళ్ళు రాని రోజులు. సముద్రానికి రెండు కోసుల దూరంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో పల్లకీ మోసే బోయీ గవరన్న. కుడి భుజాన నిమ్మకాయంత కాయ కాచింది. పెళ్ళికూతుళ్ళని మోశాడు, రోగుల్ని మోశాడు, మునసబుని మోశాడు. ఎవరేమన్నా తల వంచుకునేవాడు. మాట అనేవాడు కాదు.

ఒక ఎండాకాలం బొమ్మలు గీసే దొర వచ్చి తోటలో డేరా వేశాడు. ఎర్ర సుద్ద, తెల్ల సుద్ద, మట్టిరంగు కాగితం తెచ్చాడు.

"మూడు రోజులు నా ఎదట నిలబడే మనిషి కావాలి. ఒంటి మీద బట్ట ఉండకూడదు. ఎముకా కండా కనబడాలి" అన్నాడు.

ఎవరూ ఒప్పుకోలేదు. దొర మెప్పు కోసం మునసబు నూకాలు గుమ్మం ఎక్కాడు. నూకాలు మగదిక్కు లేని పిల్ల.

"రేపు నువ్వెళ్ళి నిలబడు. లేకపోతే ఈ ఊళ్ళో ఉండవు" అని చెప్పి పోయాడు.

నూకాలు దడి పక్కన కూచుని ఏడుస్తోంది. దారిన పోతున్న గవరన్న విన్నాడు.

"ఏటైంది సెల్లీ?"

చెప్పింది.

"నువ్విల్లు కదలకు. ఈ మాట ఎవరికీ సెప్పకు" అన్నాడు.

తెల్లారగానే డేరాకి వెళ్ళాడు. "నన్ను గీసుకోండి బాబూ" అన్నాడు. పంచె విప్పాడు. గోచీ విప్పాడు.

"తలెత్తు" అన్నాడు దొర. మొదటి రోజు ఎత్తలేదు. రెండో రోజు ఎత్తలేదు. మూడో రోజు దొరే విసిగి, వంగిన తలనే గీశాడు.

జనం డేరా గుడ్డ ఎత్తి తొంగి చూశారు. కాగితం మీద ఎర్రగా గవరన్న, నూలుపోగు లేకుండా. భుజం మీది కాయ దగ్గర తెల్లసుద్ద మెరుపు.

"సారా సీసాకి సిగ్గమ్ముకున్నాడు" అన్నారు.

దొర బొమ్మ చుట్టుకుని ఓడెక్కి పోయాడు. నవ్వు ఊళ్ళోనే ఉండిపోయింది.

నూతి దగ్గర నవ్వారు. గవరన్న తల వంచుకున్నాడు, మాట అనలేదు. కల్లుపాక దగ్గర నవ్వారు. తల వంచుకున్నాడు, మాట అనలేదు. ఒక పెళ్ళిలో పల్లకీ ఎత్తబోతుంటే, "ఇవాళ బట్ట కట్టుకొచ్చావా బోయీ?" అన్నారెవరో. పందిరంతా నవ్వింది. నూకాలూ నవ్వింది. నవ్వకపోతే ఎందుకని అడుగుతారేమోనని నవ్వింది.

గవరన్న ఒక్కసారి ఆమె వైపు చూశాడు. తల వంచుకున్నాడు. మాట అనలేదు.

ఆనాటి నుంచి నూకాలు అతని ఎదట పడలేదు. క్షమించమని అడుగుదామని మూడుసార్లు అతని గుడిసె దాకా వెళ్ళింది. మూడుసార్లూ వెనక్కి వచ్చింది.

ఏళ్ళు గడిచాక గవరన్న పోయాడు. పాడె మోయడానికి ముగ్గురే వచ్చారు. "సిగ్గులేనోడికి భుజం పట్టాలా?" అని మిగతావాళ్ళు దూరంగా నిలబడ్డారు.

అప్పుడు నూకాలు వచ్చి పాడె కింద భుజం పెట్టింది.

"ఆడది పాడె మొయ్యడమేటి?" అని మునసబు కసిరాడు.

"ఆ డేరాలో నిలబడాల్సింది నాను. నిలబడమన్నది నువ్వు. నా బదులు ఈ అన్న నిలబడ్డాడు. మీరంతా నవ్వారు. నానూ నవ్వాను" అంది.

మునసబు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఊరంతా పాడె వెనక నడిచింది.

నూకాలు చాలాకాలం బతికింది. ఎవరడిగినా ఈ కథ చెప్పేది. తను నవ్విన చోటికి వచ్చేసరికి కొంగు మొహాన కప్పుకునేది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరి పాడె లేచినా, ముందు ఒక ఆడమనిషి భుజం పెట్టి మూడడుగులు వేస్తుంది. ఎవరైనా ఒకరిని చూసి నవ్వబోతే, "ఎవరి బదులు నిలబడ్డాడో అడిగావా?" అంటారు పెద్దవాళ్ళు. అడిగేదాకా నవ్వకూడదని అక్కడి కట్టుబాటు.