బదులు మనిషి

మన్యంలో కలప వేలం పాడుకుని చెట్లు కొట్టించే దాలినాయుడికి తన పని ఇంకొకరి నెత్తిన రుద్దే గుణం ఉండేది. పెళ్ళిలో తాళి మాత్రం తనే కట్టాడని ఊళ్ళో నవ్వుకునేవారు.

ఒక ఏడాది అటవీ అధికారులు కొత్త నిబంధన పెట్టారు. చెట్లు కొట్టించేవాళ్ళు ముందుగా శిక్షణకు రావాలి. ఏ చెట్టు కొట్టవచ్చు, దేన్ని విత్తనానికి వదలాలి, ప్రాణం మీదికి రాకుండా ఎలా కొట్టాలి అన్నీ అక్కడ నేర్పి, చివర్లో ఒక పత్రం ఇస్తారు. ఆ పత్రం లేనివాడికి అడవిలో పని లేదు.

"చెట్టు కొట్టడం మా తాతలనాటి ఇద్య. నాకు ఈళ్ళు నేర్పుతారేటి?" అని దాలినాయుడు విసుక్కున్నాడు. భార్య తమ్ముడు లోకనాథాన్ని పిలిచి, "ఒరే, నా పేరు సెప్పి నువ్వెళ్ళి కూకో" అన్నాడు. లోకనాథం తల ఊపాడు. పత్రం వచ్చింది. నాయుడు దాన్ని పటం కట్టించుకున్నాడు.

పని మొదలైంది. ఒకరోజు పెద్ద మద్దిచెట్టును కోశారు. మొదలు తెగింది కానీ చెట్టు పడలేదు. అడ్డాకు తీగలు దాని కొమ్మలను పక్కచెట్టుకు పెనవేసి ఉన్నాయి. మద్ది సగం ఒరిగి, గాలిలో వేలాడింది. ఆ ఊపుకు ఒక కొమ్మ విరిగి లోకనాథం కాలి మీద పడింది. పాదం నలిగి ఇరుక్కుపోయింది. నెత్తిమీద చెట్టంతా కిర్రుకిర్రుమంటోంది.

"బావా! లాగు బావా!" అని లోకనాథం అరిచాడు.

నాయుడు దూరం నుంచే కేకేశాడు. "బయపడకురా! సిక్షనకి ఎల్లినోడివి నువ్వే కదా! ఇలాటప్పుడు ఏటి సెయ్యాలో సెప్పు!"

లోకనాథం ఏడ్చేశాడు. "నానెల్లలేదు బావా! నా బదులు లారీ డ్రైవర్ పోతురాజుని పంపినాను!"

అందరూ పోతురాజు వైపు తిరిగారు. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "సంతకం పెట్టీసి బయటికొచ్చీసీవోణ్ణి బాబూ. బోయినానికే మళ్ళీ ఎల్లీవోణ్ణి."

అంత అడవిలో ఆ పాఠం విన్నవాడు ఒక్కడూ లేడు. పక్కచెట్టు కొట్టేద్దామని ఒకడన్నాడు. తాడేసి లాగుదామని ఇంకొకడన్నాడు. ఏం చేస్తే చెట్టు మీద పడుతుందో, ఏం చేస్తే పడదో ఎవరికీ తెలియదు. పైన ఒక తీగ ఫట్టున తెగింది.

"ఎవరో ఒకరు ఎల్లండ్రా!" అన్నాడు నాయుడు. ఎవరూ కదల్లేదు. చివరికి అతనే రంపం పట్టుకుని పాకుతూ వెళ్ళాడు. కాలి మీద పడ్డ కొమ్మను కోయసాగాడు. కొమ్మ సగం తెగిందో లేదో, పైన మిగిలిన తీగలు కూడా తెగాయి. నాయుడు బావమరిదిని చంకల కింద పట్టి వెనక్కి ఈడ్చాడు. నేల అదిరేలా మద్ది కూలింది. లోకనాథం ప్రాణం దక్కింది. పాదం మాత్రం తెగి దుంగ కింద ఉండిపోయింది.

విచారణకు వచ్చిన అధికారి తెగిన తీగలను చూశాడు. "తీగలు ముందే కోసి, అవి ఎండాకే చెట్టు మీద చెయ్యి వెయ్యాలి. అది మేం చెప్పే మొదటి పాఠం" అన్నాడు. నాయుడి అనుమతి రద్దయింది.

ఆసుపత్రిలో భార్య గౌరమ్మ అతన్ని నిలదీసింది. "మీ బదులు మా తమ్ముణ్ణి పంపినారు. ఇప్పుడు ఆడి కాలికి బదులు ఏటి తెస్తారు?"



నీతి: మన బదులు సంతకం ఎవరైనా పెట్టగలరు, నేర్చుకోవలసింది మాత్రం ఎవరికి వారే నేర్చుకోవాలి.