పదహారులో పెట్టిన గది

రెంటచింతలలో ఏసీలు బాగుచేసే ఇన్నయ్య మాస్టారుకి ఒక అలవాటుంది. పని నేర్చుకునేవాడు ఏదన్నా అడిగితే నోటితో జవాబు చెప్పడు. స్కూటర్ వెనకాల ఎక్కించుకుని ఏదో ఒక ఇంటికి తీసుకుపోతాడు. అక్కడ జరిగేదేదో జరుగుతుంది. అందులో జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే మళ్ళీ అడుక్కోవాలి.

ఆయన దగ్గర బాలశౌరి అని ఒకతను పని నేర్చుకుంటున్నాడు. ముప్ఫై రెండేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అంతకుముందు మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోశాడు, నడుం పట్టేసి ఈ పనికొచ్చాడు. చెయ్యి చురుకు, నోరు దానికన్నా చురుకు. మే నెలలో ఒకరోజు షెడ్డులో ఫిల్టర్లు కడుగుతూ అడిగాడు.

"మాస్టారూ, గదిలో వేడిని గొట్టంలో గ్యాసు తాగుద్ది. బయట డబ్బాలో కంప్రెసరు దాన్ని పిండుద్ది, ఫ్యాను ఆ వేడిని బయటికి ఊదేసిద్ది. ఇంతవరకు నాకు తెలుసు. ఊదేశాక ఆ వేడి ఏమైపోద్ది?"

మాస్టారు చేతులు తుడుచుకున్నాడు. "చిన్నపరెడ్డి పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. కూలింగ్ చాలట్లేదంట. నువ్వు బిగించిందేగా? పద."

బాలశౌరికి కొంచెం గుచ్చుకుంది. మార్చిలో చిన్నపరెడ్డి ఇంట్లో పెట్టింది టన్నున్నర ఏసీ. మాస్టారు పక్కన లేకుండా అతను ఒంటిచేత్తో బిగించిన మొదటి మిషను అదే. గొట్టాలు తీసిన తీరు చూసి మాస్టారే ఆ రోజు బాగుందన్నాడు.

ఆ ఇంటి సంగతి ఊరందరికీ తెలుసు. కిందటేడు మే నెలలో చిన్నపరెడ్డికి, లూర్దమ్మకి పుట్టిన మూడు నెలల పాప వడదెబ్బకి పోయింది. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి పుట్టిన పిల్ల. అప్పుడు ఆ గదిలో ఫ్యాను తప్ప ఏమీ లేదు. ఈ ఏడు ఎండలు మొదలవకముందే ఆయన ఏసీ కొన్నాడంటే ఎవరికోసం కొన్నాడని ఎవరూ అడగలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి పన్నెండున్నర. రెంటచింతలలో ఆ వేళప్పుడు కుక్క కూడా వీధిలో కనపడదు. చిన్నపరెడ్డి గుమ్మంలోనే ఎదురొచ్చి గొంతు తగ్గించాడు.

"మిషను పెద్దది చేద్దాం మాస్టారూ. రెండు టన్నులదో, రెండున్నరో. ఎంతైనా పర్లేదు."

"ఉన్నదానికేమైంది?"

"దానికేం కాలేదు." ఆయన లోపలికి చూశాడు. "మీరే చూడండి. మాట మాత్రం జాగ్రత్త. రేపు సోమవారం దాకా చూసి గుంటూరు తీసుకెళ్ళి పిచ్చి డాక్టరుకి చూపిద్దామనుకుంటున్నా. ఆమెకి చెప్పలేదు."

గది తలుపు తీయగానే బాలశౌరి వీపు మీద చెమట చల్లగా గడ్డకట్టినట్టైంది. కిటికీలకి దుప్పట్లు కొట్టేసి ఉన్నాయి. ట్యూబ్‌లైట్ కింద, శాలువా కప్పుకుని, లూర్దమ్మ కింద కూర్చుని ఉంది. ముందర ఉయ్యాల. ఉయ్యాలలో ఉతికి మడతపెట్టిన బట్టలు. రిమోట్ ఆమె ఒళ్ళో ఉంది, దాని మీద అంకె పదహారు.

మాస్టారు మిషను మూతి దగ్గర థర్మామీటర్ పెట్టాడు. పన్నెండు. గది మధ్యలో పెట్టాడు. ఇరవై. బయట నలభై ఆరు. ఇంతకంటే ఏ మిషనూ చెయ్యలేదు.

"బానే పనిచేస్తోందమ్మా" అన్నాడు.

"పనిచేస్తే ఎందుకేడుస్తది?" లూర్దమ్మ గొంతు మామూలుగానే ఉంది, కూర ఎందుకు మాడిందని అడిగినట్టు. "ఒంటిగంటకి మొదలుపెడతది. ఉక్కకే ఏడుస్తది, నాకు తెలీదా? తగ్గిస్తాను. తగ్గించేకొద్దీ ఎక్కువ ఏడుస్తది. ఇంక తగ్గించడానికి దీంట్లో అంకెల్లేవు."

చిన్నపరెడ్డి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బాలశౌరి నోరు తెరవబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు. నలుగురూ కూర్చున్నారు. మిషను గాలి తప్ప చప్పుడు లేదు. ఇలాంటి చోట ఎటు చూడాలో తెలియక బాలశౌరి తను గోడకి కొట్టిన బెజ్జం వంక చూస్తూ కూర్చున్నాడు. గొట్టాలు పోయే బెజ్జం. చుట్టూ సిమెంటు పెట్టాల్సింది, ఆ రోజు సిమెంటు తేలేదు. పాత గుడ్డ కుక్కి వచ్చేశాడు. తర్వాత పెడదాంలే అనుకున్నాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ అనుకునేదే అది.

ఒంటిగంట దాటి కాసేపయ్యాక ఆ గుడ్డ కదిలింది. దాని వెనక నించి, సన్నగా, పసిపిల్ల ఏడుపు.

బాలశౌరి పిల్లి అయ్యుంటుందనుకున్నాడు, కాదని వెంటనే తెలిసిపోయింది. ఇద్దర్ని పెంచినవాడు, పాల కోసం ఏడిచేదీ నిద్ర కోసం ఏడిచేదీ వేరు చెప్పగలడు. ఇది ఆ రెండూ కాదు. మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగుతోంది.

లూర్దమ్మ రిమోట్ ఎత్తి టర్బో నొక్కింది. మిషను హోరుమంది. గోడ అవతల బయటి డబ్బా కూడా హోరందుకుంది. ఏడుపు పైకి లేచింది. లూర్దమ్మ ఉయ్యాల తాడు పట్టుకుని, "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంటూ జోల మొదలుపెట్టింది.

"అమ్మా, ఒక్క నిమిషం ఆపి చూడనా?" మాస్టారు అడిగాడు.

"వద్దు." ఆమె రిమోట్‌ని శాలువాలో దాచేసింది. "ఒకసారి ఊరుకున్నాను. మళ్ళీ ఊరుకోను."

మాస్టారు బలవంతం చెయ్యలేదు. బాలశౌరి వైపు తిరిగి, "నువ్వు బయటికెళ్ళి అవుట్‌డోర్ ముందు నిలబడు. దాని గాలి మొహానికి తగిలేట్టు నిలబడు" అన్నాడు.

అవుట్‌డోర్ యూనిట్‌ని అతను ఇంటి పక్క సందులో బిగించాడు. మూడడుగుల సందు. ఇటు చిన్నపరెడ్డి గోడ, అటు మార్తమ్మ గారి ఇంటి వెనక గది గోడ. ప్రహరీ హద్దు దగ్గర గొడవై ఆ రెండిళ్ళవాళ్ళకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. మార్చిలో బిగించేటప్పుడు ఎదురుగా ఒక కిటికీ, పైన వెంటిలేటర్ ఉండటం బాలశౌరి చూశాడు. లోపల్నించి ఎండుమిర్చి ఘాటొచ్చింది. మిరపకాయలు పోసుకునే గదిలే అనుకున్నాడు, యూనిట్ మూతి సరిగ్గా వెంటిలేటర్‌కి ఎదురుగా పెట్టి బోల్టులు బిగించాడు.

ఇప్పుడు దాని ముందుకెళ్ళి నిలబడితే ఇటుకల బట్టీ ముందు నిలబడ్డట్టుంది. కనురెప్పలు కాలుతున్నాయి. సందులోంచి వేడి ఎటూ పోయే దారి లేదు. పోయేది ఒక్కచోటికే. ఏడుపు ఇక్కడ ఇంకా గట్టిగా ఉంది. అతను స్టాండు మీద కాలు పెట్టి, గోడ పట్టుకుని, వెంటిలేటర్లోకి తొంగిచూశాడు.

లోపల చీకటి. కిటికీ బిగించి సందుల్లో గుడ్డలు కుక్కి ఉంది. బాలింతకి గాలి తగలకూడదని మన ఇళ్ళల్లో చేసినట్టే. మంచం మీద మార్తమ్మ కూతురు పడుకుని ఉంది. పక్కలో పసిగుడ్డు, నెల కూడా ఉండదు. ఒళ్ళు ఎర్రగా కందిపోయి, చేతులు వేలాడేసి, నోరు తెరుచుకుని ఉంది. ఆ నోరు కదలట్లేదు. నోట్లోంచి చప్పుడు లేదు.

ఏడుపు మాత్రం వినపడుతూనే ఉంది.

బాలశౌరి కాలు జారబోయింది. లోపల్నించి మార్తమ్మ చూసి వెంటిలేటర్ కిందకొచ్చింది. ఆమె కూడా గొంతు తగ్గించే మాట్లాడింది. ఆ రెండిళ్ళల్లో గొంతెత్తేవాళ్ళే లేరన్నట్టు.

"ఆమెకి చెప్పమాక నాయనా. బిడ్డ పోయిన మనిషి. పక్కింట్లో పురుడొచ్చిందని తెలిస్తే ఆమె ప్రాణం ఎట్టుంటది? అందుకే ఈ వెనక గదిలో పెట్టాం. రోజూ ఈ వేళకి ఆ గోడలోంచి జోల పాడతది. మా పిల్లనే పిలుస్తన్నట్టుంటది, నా గుండెలు జారిపోతన్నాయి. ఆ పాట ఆపమను, చాలు."

"పాప ఏడుస్తోంది కదమ్మా" అన్నాడు బాలశౌరి. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"ఇదా? నిన్న పొద్దుట్నుంచి ఏడవట్లేదు నాయనా. పాలు తాగట్లేదు. బుద్ధిమంతురాలైంది అనుకుంటన్నాం. ఈ ఎండకి మాకే ఓపిక లేదు, దానికేముంటది?"

అతను స్టాండు మీంచి దూకి పరుగెత్తాడు. మాస్టారు చెవిలో చెప్పబోయాడు కానీ మాట గట్టిగానే వచ్చింది. "అవతల పసిబిడ్డ ఉంది మాస్టారూ. మన వేడంతా దాని మీదే పడుతోంది. అయిపోయేటట్టుంది."

జోల ఆగిపోయింది. చిన్నపరెడ్డి భార్య వైపు చూశాడు, ఆమె పడిపోతుందేమో అని రెండు చేతులూ ముందుకు చాచి. లూర్దమ్మ పడిపోలేదు. శాలువా కప్పుకున్నది కప్పుకున్నట్టే లేచి, నెల రోజులుగా దాటని గుమ్మం దాటి, మిట్టమధ్యాహ్నం ఎండలో సందులోకి నడిచింది. యూనిట్ ముందు నిలబడి ఆ గాలి మొహానికి కొట్టించుకుంది. బాగా చూసుకోవాలన్నట్టు అరచెయ్యి కూడా చాపింది. తర్వాత వెంటిలేటర్ వంక ఒకసారి చూసి, శాలువాలోంచి రిమోట్ తీసి, వెనక్కి వచ్చి మాస్టారు చేతిలో పెట్టింది.

మాస్టారు ఆపాడు. బయట ఫ్యాను నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా తిరిగి ఆగింది. దానితోపాటే ఏడుపూ సన్నబడి, ఊపిరి తీసుకున్నట్టు ఒకచోట ఆగి, మళ్ళీ రాలేదు.

అప్పుడు లూర్దమ్మ సందులోకి పోయి ఆ కిటికీ మీద చేత్తో కొట్టింది. ఆరేళ్ళలో ఆ ఇంటి కిటికీ మీద ఈ ఇంటివాళ్ళు చెయ్యి వెయ్యడం అదే మొదలు.

"మార్తమ్మత్తా, గుడ్డలు పీకి కిటికీ తియ్యి. తడిగుడ్డ పెట్టి ఒళ్ళంతా తుడవండి. చంకల్లో, మెడ కింద పెట్టండి. ఈయన కారు తీస్తన్నాడు, మాచర్ల ఆస్పత్రికి పోదాం." ఆగి, మామూలు గొంతుతోనే అంది. "మా దానికి పెట్టాలని నాకప్పుడు తెలీలేదు."

కారులో వెనక సీట్లో బిడ్డ లూర్దమ్మ ఒళ్ళోనే వెళ్ళింది. చుట్టూ తడిచీర. ఆ మధ్యాహ్నమంతా బాలశౌరి చిన్నపరెడ్డి అరుగు మీద కూర్చుని ఏ చప్పుడొచ్చినా ఉలిక్కిపడ్డాడు. సాయంత్రం ఫోనొచ్చింది. సెలైన్ పెట్టారు, రాత్రికి ఇంకా చెప్పలేమన్నారు. మర్నాడు పొద్దున ఇంకో ఫోనొచ్చింది. పాలు తాగిందట. డాక్టరు, ఇంకో పూట ఆలస్యమైతే తీసుకురానక్కర్లేకపోయేదన్నాడట.

ఆ రోజే మాస్టారూ బాలశౌరీ వెళ్ళి యూనిట్‌ని సందులోంచి విప్పి డాబా మీదకెక్కించారు. చుట్టూ నాలుగు వైపులా ఖాళీ ఉండేట్టు, ఎవరి గోడకీ ఎదురు లేకుండా పెట్టారు. బిగించకముందు బాలశౌరి ఆ ఫ్యానుని చేత్తో తిప్పి చెవి పెట్టి విన్నాడు. కరెంటిచ్చి విన్నాడు. బేరింగు అరిగితే ఒక్కోసారి పిల్లాడు ఏడ్చినట్టే కూత వస్తుంది, అది దొరికితే బాగుండునని ఎంత వెతికాడో. బేరింగు కొత్తదిలా ఉంది. ఫ్యాను నూనె రాసినట్టు తిరిగింది. మాస్టారు అదంతా చూస్తూ కూర్చున్నాడు గానీ ఏం వెతుకుతున్నావని అడగలేదు.

స్కూటర్ ఎక్కేటప్పుడు ఇక ఉండబట్టలేక బాలశౌరే కదిపాడు.

"మాస్టారూ, ఆస్పత్రి నించి రాగానే లూర్దమ్మక్క ఏమందో విన్నారా? మార్తమ్మగారి మనవరాలికి ఏడ్చే ఓపిక లేదు, అందుకని మాదే ఏడ్చింది అంటోంది. నవ్వుతా అంటోంది. చిన్నపరెడ్డిగారు కూడా ఊ అంటున్నాడు. అట్లా వదిలెయ్యడమేనా? ఆ పిల్ల పోయి ఏడాదైంది. ఎవరో ఒకరు కూర్చోబెట్టి నిజం చెప్పాలిగా?"

మాస్టారు కిక్ కొట్టబోయినవాడు కాలు దించాడు.

"బిగించేటప్పుడు ఆ వెంటిలేటర్ వెనక ఎవరున్నారని నువ్వు అడగలేదు, తర్వాత వచ్చి చూసిన నేనూ అడగలేదు" అన్నాడు. "అక్కడ బిడ్డుందని ఎవరో ఒకరు చెప్పాలిగా, శౌరీ."