మతిపాలెం మున్సిపాలిటీ అయిన వారం

మతిపాలెం వాళ్ళకి తమ తెలివంటే మహా గర్వం. తెల్లదొరల కాలంలో వాళ్ళ ఊరిని యూనియన్ అన్నారు, తర్వాత పంచాయతీ అన్నారు. పేరు మారినప్పుడల్లా పాత బోర్డు మీదే కొత్తది కొట్టేవాళ్ళు, పాతదానికి ఎండ తగలకూడదని.

ఒకనాడు సర్పంచి గవరయ్యకి జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మతిపాలెం ఇక మున్సిపాలిటీ. వారంలోగా ఊరిని నాలుగు వార్డులుగా విడగొట్టాలి, చైర్మన్ పదవికి నిలబడేవాళ్ళు నిలబడాలి, అందరూ ఇంటి పన్ను కట్టాలి. లేకపోతే ఆ హోదా పక్కూరికి పోతుంది.

"పక్కూరికి పోతే మనం తలెత్తుకోలేం," అన్నాడు గవరయ్య.

"ఎత్తుకోవచ్చన్నా, ఎవరూ చూడరంతే," అన్నాడు తమ్ముడు తవుడు.

ఇంకేముంది, అందరూ గునపాలు తెచ్చారు. ఊరికి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కందకాలు తవ్వి విడగొట్టేశారు. కాలవ నీళ్ళొచ్చి నిండాయి. ఒక కందకం గవరయ్య ఇంటి మధ్య నుంచే పోయింది. పొయ్యి రెండో వార్డులో, భార్య పైడమ్మ మూడో వార్డులో మిగిలారు.

"వార్డు దాటి వండమని ఆర్డరుందా?" అని అడిగింది పైడమ్మ. గవరయ్య కాగితం తిరగేసి చూశాడు. లేదు. అంతే, రెండు రోజులు అటుకులు నమిలారు.

తర్వాత అన్నదమ్ములిద్దరూ చైర్మన్ పదవికి నిలబడ్డారు. పొద్దున నిలబడితే మర్నాటి పొద్దుటికీ నిలబడే ఉన్నారు. కాళ్ళు బూరెల్లా పొంగాయి. చివరికి తవుడు దభీమని పడ్డాడు.

"ఓట్లు పడ్డాయా?" అని అడిగాడు గవరయ్య.

"లేదన్నా, నేనే పడ్డాను."

అంతే, గవరయ్య గెలిచాడు.

ఇక మిగిలింది ఇంటి పన్ను. ఇంటికో మనిషి చొప్పున ముందుపన్నుకి దారం కట్టి, రెండో కొస గుమ్మానికి కట్టుకుని కూర్చున్నారు. బోసినోటి ముసలమ్మ ఒకావిడ మాత్రం, "నాకు పన్ను లేదు నాయనా, మాఫీ రాసుకో," అంది. గవరయ్య రాసుకున్నాడు.

అంతలో జిల్లా ఆఫీసు అధికారి జీపు హారన్ మోగింది. చూద్దామని అందరూ ఒక్కసారి లేచి పరిగెత్తారు. ఇంకేముంది, టపటపా ఊడాయి.

గవరయ్య అన్నీ ఏరి, పళ్ళెంలో పెట్టి అధికారికి అందించాడు. "పన్నులు పూర్తిగా వసూలయ్యాయండీ. బకాయి లేదు."

అధికారి పళ్ళెం చూశాడు, కందకాలు చూశాడు, నోట్లో గుడ్డ కుక్కుకున్న జనాన్ని చూశాడు. "చైర్మన్ గారూ, ముందు మీ ఊరిని దారిలో పెట్టండి. హోదా సంగతి అప్పుడు చూద్దాం," అని జీపెక్కాడు.

అంతే. ఊరు ఊరంతా కదిలింది. మంచాలు, రోళ్ళు, తలుపులు, కోళ్ళగంపలు, పైడమ్మ పొయ్యితో సహా తెచ్చి దారిలో పెట్టేశారు. జీపు ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు.

అధికారి అదే పనిగా హారన్ కొడుతుంటే గవరయ్య పరిగెత్తుకొచ్చాడు.

"తొందరపడకండి బాబూ. గోడలు ఇప్పుడే పడగొడుతున్నాం. అవి కూడా తెచ్చి పెట్టేస్తే ఊరంతా దారిలో పడ్డట్టే."