ఊ కొట్టే దిక్కులేని రాజకుమారుడు

ఎప్పటి మాటో నన్నడక్కండి, మా అమ్మమ్మకే తెలీదు. కలువగిరి అని ఒక రాజ్యం ఉండేది, దాన్ని వీరకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి పట్టాడంటే ఎదుటివాడు పరుగే. రెండోవాడు అశ్వపాలుడు, గుర్రమెక్కాడంటే గాలి కూడా వెనకే. మూడోవాడు సుకంఠుడు. వాడికి కత్తీ రాదు, గుర్రమూ రాదు. వచ్చిందల్లా మాట్లాడటం.

మాట్లాడటమంటే మీలా గలగలా వాగడం కాదర్రా! నలుగురి ముందు నిలబడి ఒక మాటంటే ఆ నలుగురి గుండెల్లోకీ దిగాలి. అలా మాట్లాడాలని వాడి కోరిక. కానీ ఏం లాభం? ఆ నలుగురేరీ? తల్లి పురిట్లోనే పోయింది. తండ్రికి కొలువు, అన్నలకి సాము. దాసీలు అన్నం పెట్టి తమ దారిన తాము వెళ్ళిపోయేవాళ్ళు. వాడు సాయంత్రం మేడెక్కి, ఎదురుగా నిండు సభ ఉందనుకుని, చేతులు తిప్పుతూ కథలు చెప్పేవాడు. కథన్నాక వినేవాళ్ళు ఊ కొట్టాలి కదా! వాడికి ఊ కొట్టే ప్రాణి ఒక్కటీ లేదు. తనే చెప్పి, కాస్త ఆగి, తనే "ఊఁ" అనుకునేవాడు. తలుచుకుంటేనే నా కడుపు తరుక్కుపోతుంది.

ఇలా ఉండగా, కలువగిరి నుంచి పోయిన పడవలు తిరిగిరావడం మానేశాయి. ఏడు సముద్రాల అవతల నల్లరాతి దీవిలో జటాఘోరుడనే మాంత్రికుడు పడవలవాళ్ళని పట్టి రాళ్ళు చేసేస్తున్నాడని కబురొచ్చింది. కోట వాకిట్లో ఒకటే ఏడుపులు. పెద్దవాడు కత్తి దూసుకుని వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు గుర్రాన్ని పడవెక్కించుకుని వెళ్ళాడు, వాడూ రాలేదు.

"నాన్నగారూ, అన్నల్ని తీసుకురావడానికి నేను వెళ్తాను," అన్నాడు సుకంఠుడు.

రాజు తలెత్తి చిన్నకొడుకుని చూశాడు. ఎన్నాళ్ళకి చూశాడో! "నువ్వా? వెళ్ళి ఏం చేస్తావు? వాడితో మాట్లాడతావా?"

"నాకు వచ్చింది అదొక్కటే కదండీ."

రాజు మళ్ళీ తల దించుకున్నాడు. సుకంఠుడు ఒక్కడే బయల్దేరాడు. పొలిమేర దాకా సాగనంపినవాడు కూడా లేడు.

సముద్రపు ఒడ్డుకి వెళ్ళేసరికి అక్కడొక పెద్ద తాబేలు ఏడుస్తూ కనిపించింది.

"ఏమ్మా, ఎందుకేడుస్తున్నావు?"

"ఏం చెప్పను నాయనా! ఇసకలో గుడ్లు పెడితే పల్లెవాళ్ళు తవ్వుకుపోతున్నారు. దగ్గరికి పోయి అడుగుదామంటే నన్నే తిరగేసి కొడతారు. నా తరపున నాలుగు ముక్కలు చెప్పవూ?"

సుకంఠుడికి ప్రాణం లేచొచ్చింది. తొలిసారి నిజమైన సభ! జాలర్లు వలలు బాగుచేసుకుంటుంటే వాళ్ళ నడుమ నిలబడి, గొంతు సవరించుకుని, "ఓ సాగరతీర వాసులారా! భూతదయ యనునది పరమధర్మము..." అని ఎత్తుకున్నాడు. ఒకడు ఆవలించాడు. ఇంకొకడు చుట్ట వెలిగించాడు. ఒకావిడ పక్కావిణ్ణి పొడిచి, "ఈ బాబు ఎవరిమీద కోప్పడతన్నాడే?" అంది.

సుకంఠుడికి ముఖం చెల్లలేదు. అన్నేళ్ళు మేడ మీద చెప్పింది ఇందుకా అనిపించింది. ఇసకలో చతికిలబడ్డాడు. కాసేపటికి, ఎవరితో చెబుతున్నాడో కూడా చూసుకోకుండా మెల్లగా మొదలుపెట్టాడు.

"ఒక తల్లి ఉంది. నెలలు నిండాయి. పురుడు పొయ్యడానికి ఎవరూ లేరు. బరువుగా ఒడ్డుకి పాకివచ్చి, గొయ్యి తవ్వుకుని, బిడ్డల్ని దాచి వెళ్ళింది. మళ్ళీ వచ్చి చూసుకుంటే గొయ్యి ఖాళీ."

ఒక ముసలమ్మ చేతిలో వల కింద పెట్టి, "ఊఁ... తరవాతేమైంది బాబూ?" అంది.

చూశారా! పుట్టి బుద్ధెరిగాక అదే వాడు విన్న మొదటి ఊ. సంతోషంతో కథే మర్చిపోబోయాడు పిచ్చి నాయన. కథ అయ్యేసరికి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. పెద్దజాలరి లేచి, "ఇక ఆ ఒడ్డు జోలికి పోం దొరా, ఇదే మా కట్టుబాటు," అన్నాడు.

తాబేలు సుకంఠుణ్ణి వీపు మీద ఎక్కించుకుంది. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు. ఏయ్, పెరుగు సముద్రంలో ముంచుకు తినడానికి అన్నం ఏదని అడగొద్దు, కథ వినండి! ఎటు చూసినా నీళ్ళే. ఒక పక్షి లేదు, ఒక పడవ లేదు. ఏడో సముద్రంలో తాబేలు అసలు సంగతి చెప్పింది.

"జటాఘోరుడి ప్రాణం వాడి చిలక నాలుక కింద పూసలో ఉంది. అది నోరు విప్పిందా, పూస జారుతుంది, వాడు చస్తాడు. అందుకే దాన్ని పలకనివ్వడు. అయితే వాడికి గురువు శాపం ఒకటుంది. వచ్చినవాణ్ణి దీపం ఆరేదాకా మాట్లాడనివ్వాలి. ఆలోగా వినేవాళ్ళలో ఎవరు ఊ కొడితే వాళ్ళకి విడుదల, ఊ కొట్టించినవాడికీ విడుదల. ఎవరూ కొట్టకపోతే వచ్చినవాడు రాయే."

"వినేవాళ్ళెవరు?"

"ఇంకెవరు నాయనా? అక్కడున్న రాళ్ళే."

మాంత్రికుడి మంటపం నిండా రాళ్ళే, మనుషుల రాళ్ళు. పైన పంజరంలో చిలక. జటాఘోరుడు దీపం వెలిగించి, "కానియ్యి, మాట్లాడు!" అని పగలబడి నవ్వాడు.

సుకంఠుడు ముందే ఎత్తు వేసుకొచ్చాడు. రాళ్ళకేసి చూడకుండా చిలకకి మూడు కథలు చెప్పాడు. ఒకటి నవ్వించేది, ఒకటి భయపెట్టేది, ఒకటి ముచ్చటైనది. చిలక కళ్ళు తిప్పింది కానీ ముక్కు విప్పలేదు. దీపం కొడిగట్టింది. సుకంఠుడి పాదాలు చల్లబడి, మోకాళ్ళ దాకా రాయి పాకింది. ఇంతమంది నడుమ ఇంత ఒంటరితనం వాడు మేడ మీద కూడా ఎరగడు.

అప్పుడు పెద్దన్న రాయి కంటబడింది. చెయ్యి కత్తి మీదే ఉంది. కానీ ఆ ముఖంలో ఉన్నది పౌరుషం కాదు. చిలక సంగతి మర్చిపోయాడు సుకంఠుడు.

"పెద్దన్నా, యుద్ధానికి వెళ్ళేముందు నువ్వు నిద్రపోయేవాడివి కాదు. గదిలో అటూ ఇటూ తిరిగేవాడివి. నేను తలుపు సందులోంచి చూసేవాణ్ణి. తెల్లారాక నలుగురి ముందూ నవ్వుతూ కదిలేవాడివి. నీకూ భయమేసేది కదూ? ఎవరికీ చెప్పుకోలేదు కదూ?"

ఆ రాతిలోంచి, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు, "ఊఁ..." అని వినబడింది. రాతి బుగ్గ మీద నీళ్ళు జారాయి.

జటాఘోరుడి నవ్వు ఆగిపోయింది. సుకంఠుడి కాళ్ళు విడిపోయాయి, కొడిగట్టిన దీపం మళ్ళీ నిండుగా వెలిగింది. ఇక ఒక్కో రాయి దగ్గరికీ వెళ్ళాడు. నడుం మీద బిడ్డ ఉన్నట్టే చెయ్యి వంచి నిలబడ్డ తల్లితో ఆ బిడ్డ గురించి మాట్లాడాడు. చిన్నన్నతో, వాడి కాళ్ళ దగ్గర ఎముకలై పడున్న గుర్రం గురించి మాట్లాడాడు. ఒక్కొక్కరే ఊ అంటూ మనుషులయ్యారు. ఒక రాచపిల్ల రాయి దగ్గర ఆగి, "మీరు నిధి కోసం వచ్చి చిక్కుకున్నారు కదూ?" అన్నాడు.

"కాదు!" అంది ఆ రాయి ఠక్కున. ఊ కొట్టకుండానే లేచి కూర్చుంది! అంత ఉక్రోషం ముందు ఏ శాపం నిలుస్తుంది? "నేను మణిపల్లి రాకుమారి కుందనవల్లిని. పడవలవాళ్ళని విడిచిపెట్టమని అడగడానికొచ్చాను. తెలీకపోతే అడగాలి కానీ, నోటికొచ్చింది చెప్పేస్తావా?"

"తప్పే. అయితే మీరే చెప్పండి."

ఆమె చెబుతుంటే సుకంఠుడు ఊ కొడుతూ కూర్చున్నాడు. చెప్పడం కంటే వినడం ఎంత బాగుందో వాడికప్పుడే తెలిసింది. అంతా అయ్యాక పైకి చూశాడు. ఈసారి ఎత్తూ లేదు, గిత్తూ లేదు.

"ఏం చిలకమ్మా, ఇంతమందిలో నీకొక్కదానికే మాట లేదు. చాలా దిగులుగా ఉంటుంది కదూ? నాకు తెలుసు."

"నోర్ముయ్!" అని జటాఘోరుడు అరిచేలోపే చిలక "ఊఁ" అంది. పూస జారి నేల మీద పగిలింది. మాంత్రికుడు విరుచుకుపడిపోయి చచ్చాడు. ఆ చిలక నోరు మూయించడం మాత్రం తరవాత ఎవరి తరమూ కాలేదు!

తిరుగు పడవలో రణధీరుడు తమ్ముడి పక్కకొచ్చి కూర్చున్నాడు.

"తలుపు సందులోంచి చూసేవాడివా? మరి లోపలికి ఎందుకు రాలేదురా?"

"నువ్వు పిలవలేదు కదన్నయ్యా."

అంత వీరుడు తమ్ముణ్ణి గుండెలకి హత్తుకుని బావురుమన్నాడు. ఆ ఏడుపు పడవంతా వింది, వింటే విననీ అని ఊరుకున్నాడు.

సుకంఠుడికి కుందనవల్లితో పెళ్ళయింది. అన్నలిద్దరూ తామే పట్టుబట్టి తమ్ముడికి పట్టం కట్టించారు. వాడు చాలాకాలం చల్లగా ఏలాడు. కొలువులో అందరూ మాట్లాడటం అయ్యాక వాడి కళ్ళు చిట్టచివర స్తంభం చాటున నోరు పెగలక నిలబడ్డవాణ్ణి వెతికేవి. సింహాసనం దిగి వెళ్ళి, వాడి పక్కన నేల మీద కూర్చుని, "నాకు చెప్పు, వింటాను," అనేవాడు. అంతా విన్నాక లేచి, వాడి భుజం మీద చెయ్యి వేసి, నిండు సభకి వాడి గోడు తన గొంతుతో చెప్పేవాడు. ఆ రాజ్యంలో ఎవరి గోడూ గొంతులోనే ఆగిపోలేదు. ఇక లేవండర్రా, కథ ఒడ్డెక్కింది, మీరు మంచాలెక్కండి.