ఇశ్రాయేలు రాకెట్టు

తణుకులో సూర్యచక్రం మాస్టారి షటిల్ హాల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి రాకెట్టుకు వాళ్లు తీగలు కట్టుకోకూడదు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా సరే, తన రాకెట్టు మరొకరికి అప్పజెప్పి, వాళ్లు బిగించి ఇచ్చినదాంతోనే ఆడాలి. ఇదేం చాదస్తమని కొత్తగా చేరినవాళ్లు విసుక్కునేవారు. కారణం అడిగితే మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారే తప్ప పెదవి విప్పేవారు కాదు. ఆయన తత్వమే అంత. అడిగినదానికి జవాబు చెప్పడం కంటే, అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని తగిలించడం ఆయనకు ఇష్టం.

హైమావతి ఆ హాల్లోనే పెరిగింది. గౌను వేసుకుని వచ్చిన పిల్ల ఇప్పుడు ముప్పై దాటి, తనే పిల్లలకు ఆట నేర్పుతోంది. ఆమెతోపాటు నేర్పే మరొకాయన ఇశ్రాయేలు, ఆమెకంటే పదిహేనేళ్లు పెద్ద. ఇద్దరికీ క్షణం పడదు. ఈమె ఒక పిల్లతో "కొట్టు, ఇంకా గట్టిగా కొట్టు" అంటే, ఆయన వచ్చి "ముందు కాళ్లు కదపడం నేర్చుకో అమ్మా" అంటాడు. ఈమె పన్నెండేళ్ల పిల్లను రాష్ట్ర పోటీలకు పంపుదామంటే, ఆయన దాని మోకాళ్లు ఇంకా ముదరలేదంటాడు. మధ్యన పిల్లలు ఎవరి మాట వినాలో తెలియక బిక్కమొహాలు వేస్తున్నారని హైమావతి బాధ. ఉత్త పంతం కాదది, నిజమైన బాధే. ఆ పిల్లలంటే ఆమెకు ప్రాణం.

ఆ ఆదివారం సాయంత్రం క్లబ్బు కమిటీ కూర్చోబోతోంది. వచ్చే ఏడాదికి నేర్పేవాళ్లుగా ఎవరిని ఉంచాలో ఆ రోజే తేలుతుంది. మాస్టారు ఎంత చెబితే అంత. అందుకని హైమావతి పొద్దున్నే, హాల్లో ఇంకా ఎవరూ లేనప్పుడే, తీగలు బిగించే గదిలో ఉన్న మాస్టారి దగ్గరకు వచ్చేసింది. ఆ వారం బిగించే వంతు కూడా ఆమెదే. తీరా చూస్తే యంత్రం పక్కన పెట్టి ఉన్నది ఇశ్రాయేలు రాకెట్టు. ఆమెకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

"మాస్టారూ, ఒక్క హాల్లో ఇద్దరు గురువులెందుకండీ?" అంది, కూర్చోకుండానే.

"చెప్పు, వింటున్నాను. చేతిలో పని ఆపకు" అన్నారు మాస్టారు, కిటికీ దగ్గర కుర్చీలోంచి.

రాకెట్టు తలను యంత్రం మీద ఆరు చోట్ల పట్లు వేసి కదలకుండా బిగిస్తారు. ముందు నిలువు తీగలు లాగాలి, ఆ తర్వాత అడ్డ తీగలు. హైమావతి నిలువు తీగలు మొదలుపెట్టింది. ఒక్కో తీగ లాగినప్పుడల్లా ఒక్కో ఫిర్యాదు. నిరుడు జిల్లా పోటీల్లో ఇశ్రాయేలు అన్న మాట, మొన్న తను పెట్టిన పరుగు పందెం ఆయన మధ్యలో ఆపించేసిన సంగతి, పిల్లల తల్లుల ముందు తనకు తలవంపులైన సంగతి, ఏదీ వదల్లేదు. నోరు ఎంత వేడెక్కినా చెయ్యి మాత్రం తప్పు చెయ్యలేదు. ప్రతి తీగా ఇరవై నాలుగు పౌండ్ల బిగువు దగ్గర నిలబడింది.

"ఆయన్ని పంపించెయ్యండి మాస్టారూ. నేనొక్కదాన్నీ చూసుకుంటాను. నేను ముందుకు లాగుతుంటే వెనక్కి లాగేవాళ్లు లేకపోతే, ఏడాది తిరక్కుండా ఈ హాలు ఎక్కడుంటుందో మీరే చూస్తారు" అంది.

"అయిందా?" అన్నారు మాస్టారు.

"అయిందండీ" అంటూ, ఆ ఊపులోనే ఆరు పట్లూ వదులు చేసి రాకెట్టు దింపేసింది. చేతిలో అది కిర్రుమంది. చూసుకుంటే కోడిగుడ్డులా ఉండాల్సిన తల గారెలా పొట్టిదై, పక్కలకు ఉబ్బి ఉంది.

"అయ్యయ్యో! అడ్డ తీగలు వెయ్యకుండానే దింపేశానండీ!"

"చూశాను."

"చూసి చెప్పరేంటండీ!"

"నువ్వు మాట్లాడుతున్నావు కదా."

ఆమె గబుక్కున కత్తెర అందుకుని ఒక చివరి తీగకు ఆనించింది. మాస్టారు లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "అక్కణ్ణుంచి కాదు. నడిమి తీగ మొదలు, అటొకటి ఇటొకటి." ఒక్కొక్కటే తెగుతుంటే తల మెల్లగా సాగి మామూలు రూపానికి వచ్చింది. ఆమె చట్రం చుట్టూ గోటితో తడిమి చూసింది. ఎక్కడా బీట లేదు.

"నిలువు తీగల్లో ఏమైనా తేడా ఉందా?" అని అడిగారు మాస్టారు.

"వెంట్రుకవాసి కూడా లేదండీ."

"మరి ఎందుకు వంగింది?"

"అవి బాగానే లాగాయండీ, కాకపోతే వాటికి ఎదురు లాగేవి..." అంటూ హైమావతి అక్కడితో ఆగిపోయింది. మొహం చెవుల దాకా ఎర్రబడింది. మాస్టారు మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ఆమె రాకెట్టును మళ్లీ యంత్రం మీద బిగించి, నిలువు తీగలు, అడ్డ తీగలు పూర్తి చేసి, ఈసారి రెండుసార్లు చూసుకుని దింపింది. కొత్త రాకెట్టు ఒకటి తెచ్చి దాని మీద ఆనించి చూస్తే అంచుకి అంచు సరిపోయింది.

అంతలో ఇశ్రాయేలు వచ్చాడు. ఆమె దాచలేదు. "మీ రాకెట్టును కాస్తలో విరగ్గొట్టేదాన్నండీ. అడ్డ తీగలు మర్చిపోయి దింపేశాను. వద్దంటే వేరేది ఇప్పిస్తాను" అంది.

ఆయన తీగల మీద అరచెయ్యి తట్టి చూసుకున్నాడు. "నువ్వు కట్టిందేగా అమ్మా, నాకేం బెంగ?" అని కోర్టులోకి నడిచాడు. హైమావతికి సిగ్గు వేసింది. సిగ్గుతోపాటు చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది కూడా.

"సాయంత్రం ఏం చెప్పమంటావు?" అన్నారు మాస్టారు.

"ఇద్దరమూ ఉంటామని చెప్పండి." తలుపు దాకా వెళ్లింది గాని, మనిషన్నాక అంత తొందరగా అభిమానం చావదు. వెనక్కి తిరిగింది. "ఒక్క మాట అడుగుతానండీ. మా ఇద్దరిలో నిలువు తీగలు ఎవరు?"

మాస్టారు డబ్బాలోంచి ఒక షటిల్ తీసి ఆమె చేతిలో పెట్టారు.

"వెళ్లి కొట్టు. ఏ తీగ తగిలిందో దీన్నే అడుగు."