ఎంగిలి పాట

గంటిపాలెం రాజావారికి ఎంగిలి పట్టింపు ఎక్కువ. ఒకరు కట్టిన గుడ్డ కట్టరు, ఒకరు కూర్చున్న చోట కూర్చోరు.

ఒకనాడు దివానుగారు వేలంలో కొన్న గ్రామఫోను ప్లేటు ఒకటి తెచ్చారు. అది సముద్రాలవతల లాటిన్ దేశాల బాణీ. మాటల్లేవు. బూరలు, డప్పులు, గిలక్కాయలు కలిసి హాయిగా ఊయలూపుతాయి. కీ తిప్పే నౌకరు పైడయ్యకి కాలు ఒకచోట నిలవలేదు.

రాజావారికీ నచ్చింది. అంతలో అది ఎవరో వాడిన ప్లేటని తెలిసింది.

"ఛీ, ఎంగిలి పాట! పగలగొట్టండి!"

పైడయ్య ప్రాణం ఉసూరుమంది. చేతులు కట్టుకుని, "చిత్తం బాబూ. మరి బీరువాలోని ప్లేట్లు కూడా పగలగొట్టేదా?" అన్నాడు.

"అవి కొత్తవి కదరా!"

"ప్లేటు కంచం లాంటిది, పాట అన్నం లాంటిది బాబూ. తుడిచి పెడితే ఎప్పటికప్పుడు వేడివేడి వడ్డనే. కానీ గ్రామఫోను బాకా పక్కన నిలబడేది నేను. తమరు అంత దూరాన సోఫాలో ఉంటారు. ఏ పాటైనా ముందు నా చెవిన పడ్డాకే తమ దాకా వస్తోంది."

రాజావారి మొహం పాలిపోయింది. "ఇన్నేళ్లూ నీ ఎంగిలి విన్నానా! దీనికి విరుగుడేంట్రా?"

"బాకా దగ్గర తమరుండి కీ తిప్పాలి. మిగిలిన ఎంగిలి ఆ సోఫాలో కూర్చుని నేను వింటాను."

ఆ సాయంత్రం రాజావారు ఆ లాటిన్ ప్లేటే పెట్టి, చెమటలు కక్కుతూ కీ తిప్పారు. పైడయ్య కళ్లు మూసుకుని, కాలు ఊపుతూ విన్నాడు.

సోఫా ఇక శాశ్వతంగా పైడయ్యదే. ఒకరు కూర్చున్న చోట రాజావారు కూర్చోరు కదా!